కండ ఎంత? కొవ్వు ఎంత? దక్షిణ ఢిల్లీ పిల్లలు చెప్పిన లెక్క

ఒకప్పుడు మన రైల్వేస్టేషన్లలో రంగురంగుల బల్బులు వెలుగుతూ, అద్దం వెనుక చక్రం గిర్రున తిరిగే బరువు యంత్రాలుండేవి. నాణెం వేస్తే దళసరి అట్ట టిక్కెట్టు ఒకటి వచ్చి పడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం! జాతకం సంగతి అలా ఉంచండి. బరువు మాత్రం నిజమే కదా అనుకుని జనం ఆ టిక్కెట్టును జేబులో వేసుకునేవారు. బరువు నిజమే. కానీ ఆ అంకె మన శరీరం గురించి చెప్పేది సగం మాటే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు విద్యార్థులున్నారు. ఇద్దరి ఎత్తూ ఒకటే, ఇద్దరి బరువూ 60 కిలోలే. ఒకరి ఒంట్లో కొవ్వు 9 కిలోలు, మరొకరి ఒంట్లో 15 కిలోలు. యంత్రం దృష్టిలో ఇద్దరికీ తేడా లేదు. రక్తంలోని చక్కెరకు, గుండెకు, కాలేయానికి మాత్రం చాలా తేడా ఉంది. రెండోవారికి కొవ్వు ఉన్నచోట మొదటివారికి ఆరు కిలోల కండ, ఎముక, నీరు ఉన్నాయి.

‘బరువు తగ్గాలి’ అనే మాట మీరు రోజూ వింటూనే ఉంటారు. దాని స్థానంలో ‘ఏది తగ్గాలి, ఏది పెరగాలి’ అని అడగడం శాస్త్రజ్ఞులు ఎలా నేర్చుకున్నారు? ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన దేశ రాజధానిలోనే, దక్షిణ ఢిల్లీ వీధుల్లో నడిచింది. అక్కడికి వెళ్ళేముందు ఒక నీళ్ళ తొట్టి దగ్గర కాసేపు ఆగుదాం.

తొట్టిలో తూచిన మనిషి

ఆర్కిమిడీస్ సూత్రం మీరు చదివే ఉంటారు. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత బరువును కోల్పోయినట్లు కనిపిస్తుంది. దీని సాయంతో వస్తువు సాంద్రత తెలుసుకోవచ్చు. కిరీటాన్ని పాడుచేయకుండా అందులోని బంగారం ఎంతో తేల్చగలిగితే, మనిషిని కోయకుండా అతనిలోని కొవ్వు ఎంతో ఎందుకు తేల్చలేం? కొవ్వు సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు, కొవ్వు కాని కణజాలమంతా కలిపితే సుమారు 1.1 గ్రాములు. అంటే కొవ్వు నీటిలో తేలుతుంది, కండా ఎముకా మునుగుతాయి.

అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కేకు ఈ ఆలోచన డైవర్ల వల్ల వచ్చింది. సముద్రం లోతుకు దిగినవారి శరీరంలో నైట్రోజన్ కరుగుతుంది. కొవ్వులో అది మరీ ఎక్కువ కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు అది బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఏ డైవరులో కొవ్వెంతో తెలియడం ఆయనకు అవసరమైంది. 1942లో ఆయన బృందం 25 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళను నీటిలో తూచింది. ఎత్తు-బరువు పట్టికల ప్రకారం వీరిలో 17 మంది ‘అధిక బరువు’ వారు, సైన్యానికి పనికిరానివారు! నీళ్ళ తొట్టి మరో తీర్పు చెప్పింది. వారిలో చాలామంది శరీర సాంద్రత ఎక్కువగా ఉంది. అంటే పట్టికకు మించి ఉన్న బరువంతా కండే. వారిని తిరస్కరించమన్న పట్టికకు కండకూ కొవ్వుకూ తేడా తెలియదు.

మన ఇద్దరు విద్యార్థులనూ తొట్టిలోకి దింపుదాం. ఊపిరి పూర్తిగా వదిలి మునిగాక మొదటివారి బరువు 2.4 కిలోలు తూగిందనుకోండి, రెండోవారిది 1.2 కిలోలు. మొదటివారు తొలగించిన నీరు 57.6 లీటర్లు. ఎంత ఊపిరి వదిలినా ఊపిరితిత్తుల్లో లీటరుకు పైగా గాలి మిగులుతుంది. అది 1.2 లీటర్లనుకుని తీసేస్తే అసలు ఘనపరిమాణం 56.4 లీటర్లు. 60ని 56.4తో భాగిస్తే సాంద్రత 1.064. ఇప్పుడు విలియం సిరి ఇచ్చిన సూత్రం: 495ను సాంద్రతతో భాగించి, వచ్చినదాన్లోంచి 450 తీసేయండి. కొవ్వు శాతం 15 వస్తుంది. రెండోవారికి మీరే లెక్కకట్టి చూడండి, 25 వస్తుంది. నీటిలో 1.2 కిలోల తేడా ఒంట్లో ఆరు కిలోల కొవ్వు తేడాను పట్టి ఇచ్చిందన్నమాట.

పద్ధతి చక్కగానే ఉంది. కానీ ఊరిలో ప్రతి ఒక్కరినీ తొట్టిలో ముంచగలమా? అందుకని వైద్యలోకం సులువైన దారి పట్టింది. బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు అడోల్ఫ్ కెత్లే 1830లలోనే ఒక సంగతి గమనించాడు. పెద్దవాళ్ళ బరువు దాదాపుగా ఎత్తు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. ఆయన వెతుకుతున్నది ‘సగటు మనిషి’ని, స్థూలకాయాన్ని కొలిచే ఉద్దేశం ఆయనకు లేనేలేదు. 1972లో అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఈ నిష్పత్తికి ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని పేరు పెట్టాడు. ఇదే నేటి బి.ఎం.ఐ. కిలోలలో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే చాలు. వేలాది మంది మీద సర్వే చేయడానికి ఇది మంచి పనిముట్టు. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి పాత పట్టికలో ఉన్న గుడ్డితనమే దీనిలోనూ ఉంది.

మన విద్యార్థుల ఎత్తు 1.64 మీటర్లనుకుంటే ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. ఈ అంకెను ఊరికే ఎంచుకోలేదు. 2004లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఇద్దరు వైద్య పరిశోధకులు పక్కపక్కన నిలబడిన ఛాయాచిత్రం వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండనుకు చెందిన జాన్ యడ్కిన్. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3! ఎక్స్‌రే కిరణాలతో కొలిచే డెక్సా యంత్రం మాత్రం యడ్కిన్‌లో కొవ్వు 9.1 శాతం అంది, యాజ్ఞిక్‌లో 21.2 శాతం అంది. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకునే మన దేశపు శరీర తత్వం ఆ ఒక్క బొమ్మతో ప్రపంచానికి తెలిసింది. మరి ఇది ఎప్పుడు మొదలవుతుంది? ముప్పై ఏళ్ళకా, పదేళ్ళకా, తల్లి కడుపులోనా? దీనికి జవాబు చెప్పాలంటే ఒకే మనిషిని పుట్టుక నుంచి కొలుస్తూ రావాలి. అలాంటి లెక్కల పుస్తకం ఢిల్లీలో ఉంది.

లజపత్‌నగర్ చుట్టూ 12 చదరపు కిలోమీటర్లు

1969 డిసెంబరు. దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన శరణార్థులు స్థిరపడ్డ లజపత్‌నగర్, దాని చుట్టుపక్కల పేటలు. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పిల్లల వైద్యులు డాక్టర్ శాంతి ఘోష్, డాక్టర్ సంతోష్ భార్గవ, వారి సహచరులు 12 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఇంటింటికీ తిరిగి పిల్లలు కనే వయసులోని 20,755 మంది వివాహితల పేర్లు రాసుకున్నారు. గర్భం ఎప్పుడు నిలిచిందో కచ్చితంగా తెలియాలని రెండు నెలలకొకసారి ఆ ఇళ్ళ తలుపు తట్టారు. 1972 నవంబరు దాకా పుట్టిన పిల్లల్ని నమోదు చేశారు. మొత్తం 8,181 మంది సజీవంగా పుట్టారు.

ఆ వైద్యుల మనసులో అప్పుడు కండా లేదు, కొవ్వూ లేదు. మధుమేహం అంతకన్నా లేదు. తక్కువ బరువుతో పుట్టే పిల్లలు, పోషకాహార లోపం, పెరుగుదల, ఇవీ వారి ప్రశ్నలు. పుట్టిన 72 గంటల్లోపు బిడ్డ బరువు, పొడవు రాసుకునేవారు. తర్వాత 3, 6, 9, 12 నెలలకు. ఆపైన ఆరేసి నెలలకొకసారి. పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యేదాకా ఈ పని సాగింది. కుటుంబాలు ఇళ్ళు మారాయి, పేటలు మారాయి. కొందరు ఊరే వదిలి వెళ్ళారు. అయినా లెక్కల కట్టలు మిగిలాయి. విజ్ఞానశాస్త్రంలో పెద్ద పనులు చాలావరకు ఇలాగే జరుగుతాయని నాకనిపిస్తుంది. ఒకరు ఓపికగా కొలిచి పెడతారు. ఆ కొలతల్ని అడగవలసిన ప్రశ్న ముప్పై ఏళ్ళ తర్వాత మరొకరికి తడుతుంది.

ఆ ప్రశ్న ఇంగ్లండు నుంచి వచ్చింది. తక్కువ బరువుతో పుట్టినవారికి పెద్దయ్యాక గుండెజబ్బు ఎక్కువని డేవిడ్ బార్కర్ 1989లో చూపించాడు. ఆయన చేతిలో ఉన్నవి హర్ట్‌ఫర్డ్‌షైర్ మంత్రసానుల పాత రిజిస్టర్లు. అందులో పుట్టినప్పటి బరువు, ఏడాది నిండినప్పటి బరువు, అంతే. ఆ తర్వాత బిడ్డ ఎలా పెరిగాడో తెలియదు. ఢిల్లీ లెక్కల్లో ఆ మధ్యకాలమంతా ఉంది.

1998-2002 మధ్య ఆ పిల్లల కోసం మళ్ళీ వెతికారు. 26 నుంచి 32 ఏళ్ళ వయసులో ఉన్న 1,492 మంది రక్తంలో చక్కెర పరీక్షించారు. భార్గవ, హర్షపాల్ సచ్‌దేవ్, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌కు చెందిన కరొలీన్ ఫాల్, ఇంకా పలువురు రాసిన ఆ పరిశోధన 2004లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. రచయితల పట్టికలో బార్కర్ ఉన్నాడు. హైదరాబాదు ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి ఢిల్లీలో పనిచేసిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి కూడా ఉన్నారు.

ఏం తేలింది? 26 నుంచి 32 ఏళ్ళ వయసులోని ఈ యువతలో 4.4 శాతానికి మధుమేహం, మరో 10.8 శాతానికి దాని ముందు దశ. వీరి చిన్ననాటి లెక్కలు తీసి చూస్తే ఆశ్చర్యం. వీళ్ళు బొద్దుగా పెరిగిన పిల్లలు కారు! రెండేళ్ళ దాకా తోటివారికన్నా సన్నగా ఉన్నారు. మామూలుగా ఏడాది వయసులో బొద్దుగా ఉండే బిడ్డ, ఐదారేళ్ళు వచ్చేదాకా సన్నబడుతూ ఉంటాడు. అక్కడి నుంచి బి.ఎం.ఐ. మళ్ళీ పైకి తిరుగుతుంది. వీరిలో ఆ మలుపు ముందుగానే వచ్చింది, అక్కణ్ణుంచి ఎక్కడం ఆగలేదు. అయినా 12 ఏళ్ళప్పుడు వీరిలో స్థూలకాయులు ఒక్కరూ లేరు. బడిలో ఏ పంతులుగారి కంటికీ, ఇంట్లో ఏ తల్లి కంటికీ పిల్లవాడు ‘లావు’గా కనిపించి ఉండడు.

మరుసటి ఏడాది అదే బృందం మన అసలు ప్రశ్నకు వచ్చింది. చర్మపు ముడతను పట్టి కొలిచే కాలిపర్లతో వారి కొవ్వునూ, దాన్నిబట్టి కొవ్వు కాని భాగాన్నీ అంచనా వేసింది. శైశవంలో, తొలి బాల్యంలో పెరిగిన బి.ఎం.ఐ. పెద్దయ్యాక ఎక్కువగా కండరూపంలో కనిపించింది. బాల్యం చివర్లో, కౌమారంలో పెరిగినది ఎక్కువగా కొవ్వురూపంలో కనిపించింది. కిలో కిలోయే, కానీ ఏ వయసులో వచ్చిందన్నదాన్నిబట్టి అది చేరే ఖాతా మారుతోంది!

కారణం ఊహించడం కష్టం కాదు. కండరపు పోగుల సంఖ్య చాలామటుకు పుట్టే నాటికే నిర్ణయమవుతుంది. ఆ దశలో పోషణ చాలకపోతే శరీరం మెదడును కాపాడుకుని కండ దగ్గర పొదుపు చేస్తుంది. పుణె గ్రామాల్లో యాజ్ఞిక్ బృందం చూసిందీ ఇదే: అక్కడి శిశువులు సగటున 2.7 కిలోలు, సౌతాంప్టన్ శిశువులు 3.5 కిలోలు. తగ్గినదాంట్లో కండ వాటా ఎక్కువ, చర్మం కింది కొవ్వు వాటా తక్కువ. కండ తక్కువగా పుట్టిన అలాంటి బిడ్డకు పదేళ్ళ తర్వాత తిండి సమృద్ధిగా దొరికి ఆట తగ్గిపోతే, అదనంగా వచ్చేది కొవ్వే.

గీతను కిందికి జరిపిన నగరం

ఇదే కాలంలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో (ఎయిమ్స్) డాక్టర్ అనూప్ మిశ్రా బృందం మరో వైపు నుంచి తవ్వుతోంది. 2001లో వారు 123 మంది ఆరోగ్యవంతులను కొలిచారు. పురుషుల సగటు బి.ఎం.ఐ. సుమారు 21, కొవ్వు కూడా సుమారు 21 శాతం. స్త్రీల సగటు బి.ఎం.ఐ. సుమారు 23, కొవ్వు సుమారు 35 శాతం. 25 దాటితేనే అధిక బరువు అనే అంతర్జాతీయ గీత ప్రకారం వీరి సగటు భేషుగ్గా ఉన్నట్లే! ఇలాంటి పరిశోధనల ఆధారంగా మన దేశపు నిపుణులు 2009లో గీతను కిందికి జరిపారు. పెద్దవాళ్ళలో బి.ఎం.ఐ. 23 వస్తే అధిక బరువు, 25 వస్తే స్థూలకాయం. నడుము పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. 2025 జనవరిలో ఢిల్లీ నుంచే మరో సవరణ వచ్చింది: 23 దాటినవారిని రెండు దశలుగా చూడాలి, నడుము చుట్టూ కొవ్వు చేరిందా, అవయవాల మీద దాని ప్రభావం కనబడుతోందా అన్నది దశను తేల్చాలి.

గీత జరపడం ఒక ఎత్తు, ఏం చేయాలో చెప్పడం మరో ఎత్తు. తిండి తగ్గించు, నడువు అనేదే అప్పటిదాకా ప్రధాన సలహా. సమస్యలో సగం కండ తక్కువ కావడమే అయితే కండను పెంచి చూడాలి కదా? 2008లో మిశ్రా బృందం ‘డయాబెటిస్ కేర్’ పత్రికలో ప్రకటించిన ప్రయోగం అదే. మధుమేహం ఉన్న 30 మందితో 12 వారాలు బరువులెత్తించారు. ఆరు కండర సమూహాలు, ఒక్కొక్కదానికి పదేసి సార్లు చొప్పున రెండు విడతలు, పక్కన పర్యవేక్షణ. చివరికి ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు సూచిక 1.22 నుంచి 2.13కు పెరిగింది. మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బిఎ1సి అర శాతానికి పైగా తగ్గింది. చర్మం కింది కొవ్వు కూడా తగ్గింది. 30 మంది చిన్న సంఖ్యే, పోల్చి చూడడానికి వ్యాయామం చేయని గుంపు కూడా లేదు. అయినా దారి ఎటో తెలిసింది.

ఎందుకు పనిచేసింది? భోజనం తర్వాత ఇన్సులిన్ ఆజ్ఞ మీద రక్తంలోని చక్కెరలో పెద్ద వాటాను దాచుకునే గిడ్డంగి మన కండరాలే. పోగుల సంఖ్య పెంచుకోలేకపోయినా, వ్యాయామంతో ఉన్న పోగులు లావెక్కుతాయి. గిడ్డంగి పెద్దదవుతుంది, దాని తలుపులూ సులువుగా తెరుచుకుంటాయి.

ఏది ముందు?

జిమ్‌లలో ఇక్కడే వాదన మొదలవుతుంది. ముందు కొవ్వు కరిగించాలా, కండ పెంచాలా? ఢిల్లీ, గుర్‌గావ్, నోయిడాలలో వీధికొక జిమ్ ఉంది. జిమ్‌కొక సిద్ధాంతం ఉంది. వాటిలో కొన్నిటిని తోసేయాలి. కొవ్వు కండగా మారదు. అవి రెండూ వేర్వేరు కణాలు. కండ ఊరికే కూర్చున్నా కొవ్వును దహించేస్తుందన్న ప్రచారమూ అతిశయమే. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చుచేసేది సుమారు 13 కిలోకేలరీలు, కిలో కొవ్వు ఖర్చుచేసేది నాలుగైదు. కండ ఉపయోగం ఆ ఖర్చులో కంటే చక్కెర నిర్వహణలో, చేయించగల పనిలో ఎక్కువ.

తిండి మాత్రమే తగ్గిస్తే ఏమవుతుందో ఆన్సెల్ కీస్ మిన్నెసోటాలో 1944-45లో చూశాడు. 36 మంది యువకులు స్వచ్ఛందంగా 24 వారాలు అర్ధాకలితో గడిపి తమ బరువులో దాదాపు నాలుగోవంతు కోల్పోయారు. కొవ్వుతోపాటు కండా పోయింది. మళ్ళీ తిండి పెట్టినప్పుడు మొదట తిరిగొచ్చింది కొవ్వు. అది పాత స్థాయిని దాటిపోయినా కండ ఇంకా వెనకే ఉంది. కండ తక్కువగా ఉన్న మన శరీరాలకు ఇది చేటు బేరం. కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి అనే కన్నా, కొవ్వు ఎక్కువ ఉన్నవారు తిండిని కొంచెం తగ్గిస్తూనే కండకు పని చెప్పడం మేలు. సన్నగా ఉండి పొట్ట మాత్రం వచ్చినవారు కేవలం బరువు తగ్గించే పని పెట్టుకోకూడదు. 2009 నాటి సూచనల్లోనే ఈ సంగతి ఉంది: రోజుకు గంట శారీరక శ్రమ, అందులో 15 నిమిషాలు కండర బలానికి.

కండకు ముడిసరుకు మాంసకృత్తులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు బరువులో కిలోకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములుంటాయి, ఒక గుడ్డులో సుమారు 6. జిమ్ డబ్బాల జోలికి పోకముందు ఇంటి పప్పుగిన్నెలోకి తొంగిచూడడం చవక.

బరువు అంకె ఎంత మోసం చేస్తుందో క్రీడల్లో బాగా తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె పోటీచేసింది 69 కిలోల తరగతిలో. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం తెచ్చారు. స్టేషను యంత్రం ఎక్కితే ‘బరువు పెరిగారు’ అనే చెప్పి ఉండేది! 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులైంది ఆమే. ఇటువైపు, రాజధాని ప్రాంతంలోకే వచ్చే చర్ఖీ దాద్రీ జిల్లాకు చెందిన కుస్తీ యోధురాలు వినేశ్ ఫోగాట్ 2024 ఆగస్టు 7న పారిస్‌లో 50 కిలోల ఫైనల్ ముందు 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీకే దూరమయ్యారు. ఒక్క రాత్రిలో తగ్గించగలిగేది కండా కాదు, కొవ్వూ కాదు, ప్రధానంగా నీరు. శరీరం అంతకుమించి ఇవ్వనంది.

మీలో 18 ఏళ్ళు నిండనివారు పైన చెప్పిన 23, 25 గీతలను తమకు అన్వయించుకోకూడదు. పెరిగే వయసులో బి.ఎం.ఐ. ఏటేటా మారుతుంది. మీకోసం భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో విడుదల చేసిన పెరుగుదల పటాలు వేరుగా ఉన్నాయి. పిల్లల వైద్యుల దగ్గర దొరుకుతాయి. పెద్దవాళ్ళయితే టైలరు టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టండి. పొట్ట లోపలికి లాగవద్దు!